చొక్కా జేబులో మక్కగింజ

నవంబర్ 18, మంగళవారం
మిర్చి పూత రాలుతోంది. ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపాను — నల్ల తామర పురుగు. నువ్వుగింజలో సగం లేదు. అడవి పందైతే డబ్బా కొట్టి తరమొచ్చు. దీనికి ఏం కొట్టాలి?
పక్క చేను నర్సయ్య గట్టు మీద నిలబడ్డాడు. నా మాట మీద ఈ ఏడే మొదటిసారి పురుగుమందులు మానేశాడు.
"అన్నా, ఏం జేద్దామే?"
"చూద్దాం తమ్మీ."
నిన్న కూడా ఇదే చెప్పాను. వేపగింజల కషాయం రెండుసార్లు కొట్టాం. మూడోసారి ఎప్పుడా అని పురుగే ఎదురుచూస్తున్నట్టుంది.

19, బుధవారం
కూర్చోలేను. చేనుకి పోవడం, రావడం, మళ్లీ పోవడం. నేను చూస్తే పురుగు సిగ్గుపడుతుందేమోనని...
మా ఇంటిది రాధమ్మ అంది: "చెప్పులు అరుగుతున్నయ్. పురుగు అరుగుతలేదు."

20, గురువారం
కారేపల్లి వెళ్లాను. సలీం భాయ్ మందుల దుకాణం. నేను మందులు కొనడం మానేసినా ఆయన చాయ్ పోయడం మానలేదు. సీసాల వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.
"భాయ్, దీనికి నీ కాడ మందుందా?"
"మందులు మస్తున్నయ్ భాయ్. వాటితోని ఈ పురుగు సచ్చుడు మాత్రం నేను సూడలే. నీకు అబద్ధమెందుకు జెప్పాలె?"
అబద్ధం చెప్పినా బాగుండేది. కొనుక్కొచ్చేవాణ్ని. తర్వాత తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

22, శనివారం
హైదరాబాద్ నుంచి ముగ్గురు వస్తారట. మందుల్లేని సాగు ఇక్కడ నిలబడుతుందా, రైతుకి కొత్త సంగతులు ఎవరు నేర్పుతున్నారు, అడ్డమేంటి — చూసి అంచనా వేస్తారట. మంచి చొక్కా వేసుకోమని పంచాయతీ నుంచి ఫోను. మిర్చికి ఏం తొడగాలో చెప్పలేదు.

24, సోమవారం
వచ్చారు. పంచాయతీ ముందు నేల మీద సుద్దతో గుండ్రాలు గీశారు — దుకాణం, వ్యవసాయ ఆఫీసు, ఫోన్ వీడియోలు. తలా ఒక మక్కగింజ ఇచ్చి, పంటకి కష్టమొస్తే ఎవరి దగ్గరికి పోతారో అక్కడ పెట్టమంది వాళ్లలో ఒక మేడం. వచ్చినవాళ్లు ఆఫీసు మనుషుల్లా ఉన్నారు కదా, బాధపడతారని అందరూ ఆఫీసు గుండ్రంలోనే పెట్టారు. ఆఫీసు ఎటు దిక్కునుందో తెలియని లచ్చమ్మ కూడా.
మా కోడి వచ్చి అన్నీ తినేసింది.
"ఇగ మీటింగ్ అయిపాయె," అంది రాధమ్మ.
మేడం నవ్వి మళ్లీ పంచింది. "మా కోసం కాదు, నిజం పెట్టండి."
ఈసారి నర్సయ్య గుండ్రాలన్నీ దాటుకొచ్చి నా కాళ్ల ముందు పెట్టాడు. "ఈయన జెప్తేనే మందు మానేసిన మేడం." వెనకే లచ్చమ్మ. ఇంకొందరు. చివరికి రాధమ్మ — నా ముఖం చూడకుండా.
"మరి మీరు ఎవరిని అడుగుతారండీ?" అంది మేడం.
ఏదో జోకు ఉండాలి నోట్లో. వెతికాను. లేదు. కోడి మళ్లీ గింజల వైపు వస్తోంది.
"రేపు జెప్త మేడం." నా గింజ జేబులో వేసుకున్నాను. ఆమె ఏదో రాసుకుంది. చాలాసేపు రాసుకుంది.

25, మంగళవారం
మేడంకే ఫోన్ చేశాను. ఇంకెవరున్నారు?
"నాకు పురుగుల సంగతి తెలియదండీ. తెలిసిన సార్‌ని అడుగుతాను. రెండ్రోజులు ఆగుతారా?"
నేను ఆగుతాను. పురుగుకి ఎవరు చెప్పాలి?

26, బుధవారం
పూత... రాలుతూనే ఉంది.

27, గురువారం
ఫోన్ రాలేదు.
పొద్దున్నే నర్సయ్య గట్టు మీద. వీపున స్ప్రే పంపు. చేతిలో సలీం భాయ్ దుకాణం సీసా. మూత తీయలేదు.
"పనిజేస్తదో లేదో గ్యారంటీ లేదన్నడు భాయ్. అయినా తెచ్చిన. నువ్వు వద్దంటే పారబోస్త, కొట్టుమంటే కొడ్త. ఏదో ఒకటి జెప్పే అన్నా."
"నీకేమనిపిస్తది రా?"
"నాకు తెలిస్తే నీ కాడికెందుకొస్త?"
ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. జేబు తడుముకుంటే మొన్నటి గింజ తగిలింది. తీసి వాడి అరచేతిలో పెట్టాను.
"ఇదేంది?"
"నాది. నీ కాడనే పెడ్తున్న."
వాడు నవ్వలేదు. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో గింజ. వీపు మీది పంపు ఇంకా దించలేదు.