గుండి ఫొటో, అడ్డసుట్ట

సెల్లి అప్పలనర్సకి అన్న సింహాచలం రాస్తన్నది.

నువ్వెలగున్నావు? బావ మోకాళ్ళు ఎలగున్నాయి? నాను బాగానే ఉన్నాను, బతికున్నాను కాబట్టే రాస్తన్నాను.

శృంగవరపుకోటొచ్చి జీడితోటకి కావలుంటన్నాను. పొద్దుట కొండమీద మంచు దిగితే సెట్లే కనబడవు, దొంగలేటి కనబడతారు. మాటాడ్డానికి కుక్కొకటే. అదీ బావలాగే, ఎంత సెప్పినా ఊకొట్టదు. కూడు పంపే కూతురు పైడి కూరల్లో పులుపే ఎయ్యదు.

మొన్న ఆయాసమొస్తన్నాదని పైడి నన్ను ఇజీనగరం తీసుకెళ్ళింది. గుండికి స్కానింగట. నరం పూడిపోతే స్టంటు ఎయ్యాలట. ఏస్తే తోట మానేసి పైడింట్లో మంచమెక్కాలి. నా బెంగంతా అదే.

ఫొటో తీసే పిల్ల మాత్రిచ్చింది. "తాతా, గుండి పరిగెడితే ఫొటో సెదిరిపోతాది. ఇది మింగితే నెమ్మదిస్తాది. గంటాగు. టీ, సుట్ట ముట్టకు" అన్నాది.

మింగాను. గంటసేపు ఏటి సేస్తాను? వరండాలో అడ్డసుట్ట కాల్సాను. నీ దగ్గర నేర్సుకున్నదే. నిప్పు నోట్లో ఉంటే ఎవలికి కనబడతాది?

డాక్టరు ఫొటో సూసి, "ఇక్కడ మసకగా ఉంది. పూడికో కాదో తెలీడం లేదు. చేతిలోంచి తీగ పంపి చూడాలి" అన్నాడు. పైడి కళ్ళు తుడుసుకుంటన్నాది. నాను గోడమీద కేలండరు సూస్తన్నాను. ఆ పిల్లొచ్చి వాసన సూసింది.

"నోరు తెరు తాతా."

తెరిసాను.

"మాత్ర గుండిని ఆపతాది, నీ సుట్ట తోలతాది. ఇంక ఫొటో ఎలగొస్తాది?"

పైడి ఏడుపాపి తిట్టడం మొదలెట్టింది. అప్పుడు నాకు ధైర్యమొచ్చింది.

తీగ పంపడం ఆపి, ఫొటోయే మళ్ళీ తీస్తామని ఇంకోరోజు రమ్మన్నారు. బయల్దేరేముందు పైడి నా తలపాగా కూడా విప్పి ఎతికింది. మాత్ర మింగాను. నరాలు ఎడల్పవడానికని నాలిక కింద ఇంకోటెట్టారు. గుండి బావ నడకలాగ నిదానంగా నడిసింది. ఫొటో తేటగా వచ్చింది. నరం కొంచెం సన్నబడిందట గాని పూడిపోలేదట. మాత్రలు సాలన్నారు. తోటకొచ్చేసాను. కుక్కకేమీ పట్టలేదు.

నీకూ శ్రీకాకుళంలో ఇదే ఫొటో తీస్తారని పైడి సెప్పింది. ఒసే, ఇచ్చిన మాత్ర మింగు. సుట్ట ఇంట్లో ఒదిలేసి ఎల్లు. కొంగున ముడేసుకుంటావని నాకు తెల్సు, బావని విప్పి సూడమను.

జీడిపప్పు పంపుతన్నాను. ఎండునెత్తళ్ళ సేపలు పంపు. పిల్లలకి దీవెనలు. బావకి దండం, ఒంగి తిరిగెట్టక్కర్లేదని సెప్పు.

నీ ఫొటో తేటగా వచ్చిందని కబురొచ్చేదాక నానూ సుట్ట ముట్టను. తొందరగా తీయించుకో. నోరు పీకేస్తన్నాది.

మీ అన్న
సింహాచలం