మనవాళ్లు లేని దేశం

మంగళవారం, భోజనాలయ్యాక

మలేషియాలో ఒక బడి, వియత్నాంలో ఒక బడి నన్ను లెక్కల టీచరుగా తీసుకుంటామన్నాయి. అన్నయ్య అన్నం ముందు కూర్చోగానే తీర్పు చెప్పేశాడు. "మలేషియాకే పో చెల్లె. ఆడ మనోళ్లు మస్తుమంది ఉంటరు. నాకు ఫికరుండది."

నా ఫికరంతా ఆ మనోళ్ల గురించే. పోయిన వారం హన్మకొండలో ఒక్కదాన్నే సినిమాకు వెళ్తే, నేను ఇల్లు చేరకముందే అన్నయ్యకు ఫోన్ వచ్చింది. చేసింది మనవాళ్లే.

వియత్నాం పోతానన్నాను.

"ఆడ దారి తప్పితే ఎవల్నడుగుతవే?"

ఇప్పుడే వియత్నాం బడికి వస్తానని రాసి పంపాను. భాష రాదు, భయంగానే ఉంది. అయినా అక్కడ దారి తప్పితే ఎవరినో ఒకరిని అడుగుతాను. ఇక్కడ నలభై ఏళ్లొచ్చినా, ఎక్కడికో చెప్పందే గడప దాటనివ్వరు.