సంతాపంలో ఆగిన గాలిమర

గాలిమర ఇల్లు,
1955 అక్టోబరు 3.

ప్రేమగల అమ్మకు,

చావు పరామర్శల నల్లంచు కార్డులు నీకు చేరేలోపే ఈ ఉత్తరం చేరాలని పనులన్నీ వదిలేసి రాస్తున్నాను. ఎవరూ చనిపోలేదు. నాన్న క్షేమం, మేక క్షేమం, నేనూ క్షేమమే అనుకో. గ్రీట్ అక్క, పాప నీ దగ్గర హాయిగా ఉన్నారని మాకు తెలుసు. ఊళ్లోనే కొందరికి ఇంకా నమ్మకం కుదరలేదు. కార్డులొస్తే పొయ్యిలో పడెయ్యి, బాలింతకు చూపించకు.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. ఉప్పులో ఊరేసిన బీన్సు జాడీ మీద బరువైన రాయే పెట్టాను. పైగుడ్డ ఉడికించి వేస్తున్నాను. రెల్లుకప్పు కారడం ఆగింది.

ఇక గాలిమర సంగతి. తుఫానుకు రెక్క విరిగినప్పటి నుంచి నీటి సంఘంవాళ్లు డీజిల్ పంపు చాలు, దీన్ని కూలగొడదాం అంటూనే ఉన్నారు కదా. నాన్న ప్రతి సమావేశానికీ వెళ్లి అదే పాట పాడాడు. “యుద్ధంలో డీజిల్ చుక్క దొరకనప్పుడు మీ పొలాల్లో నిలిచిన నీళ్లు ఎవరు తోడిపోశారయ్యా? మా ముత్తాత మర కాదా?” విని విని విసిగిపోయి వాళ్లే ఒప్పుకున్నారు. వడ్రంగి వౌటర్ మామ రెక్కలకు కొత్త దూలాలు ఎక్కించి, చక్రానికి కొత్త పళ్లు చెక్కి బిగించాడు. శుక్రవారం మొదటిసారి తిప్పారు. ఇల్లంతా పాత చప్పుడుతో వణికింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడే అక్కకు కాన్పయిందని నీ తంతి కూడా వచ్చింది.

“ఆడపిల్ల! ఇవాళ మర సంతోషంలో ఆగాలి, ఊరంతా చూడాలి” అన్నాడు నాన్న. పాప పుట్టిందని వచ్చినవాళ్లకు పెట్టడానికి, నేను రస్కుల మీద వెన్న రాసి, గులాబీ రంగు సోంపు పంచదార జల్లడానికి లోపలికి వెళ్లాను.

బయటికొచ్చి చూస్తే పై రెక్క నడినెత్తి దాటి వాలిపోయి ఉంది. నడినెత్తికి చేరబోతూ ఆగితే పుట్టుక, దాటి వాలితే చావు అని నాకు నడకకంటే ముందు నేర్పిందానివి నువ్వే. నోరు తెరిచేలోపే ఎదురింటి కిటికీల తెరలు పడ్డాయి. కాలువ అవతలి మర ఆగింది, అదీ వాలింది. దాని తర్వాతిది, ఆ తర్వాతిది. చూస్తుండగానే కాలువ పొడుగునా మరలన్నీ మన చావుకు సంతాపం మొదలుపెట్టాయి!

ముందుగా నల్లబట్టలు కట్టుకుని నీల్చే అత్త వచ్చింది. “అయ్యో పిల్లా, పాపేనా?”

“పాప బాగుంది అత్తా. ఇదిగో, రస్కు తీసుకో.”

“పాప బాగుందా? అయితే గ్రీటా? దేవుడా, బంగారంలాంటి పిల్ల!” అని పెదవులకు ఆ గులాబీ రంగు పంచదార అంటుకుని ఉండగానే బావురుమంది. వెనకాలే పాస్టరుగారు టోపీ తీసి నిలబడ్డారు. నాకు నవ్వాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

వౌటర్ మామ పరుగెత్తుకొచ్చాడు. “ఎవరు వేశారు ఆ బ్రేకు?”

“నేనే” అన్నాను.

“పట్నం వెళ్లి చదివొచ్చావు కదమ్మా, కుడేదో ఎడమేదో అక్కడ చెప్పలేదా?”

“వెనక నుంచి చూశాను మామా, తిరగేసి అనుకున్నాను.”

నాన్న రస్కు నములుతూ ఏమన్నాడో తెలుసా? “చెబితే వింటేనా! చదువుకున్నది కదా!” అమ్మా, ఈ మనిషితో నేనెలా వేగేది? మన వంశంలో ఆరో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. ఆ చదువు మీద ఊరు ఊరంతా మూడు రోజులుగా నవ్వుతోంది.

ఇంతవరకూ రాసి కలం కింద పెట్టేశాను. మళ్లీ తీసుకున్నాను. ఆ బ్రేకుతాడు నేను ముట్టుకోలేదు. వేసింది నాన్న. వేసి, ముందువైపుకొచ్చి ముఖం పైకెత్తి, “ఎంత చక్కగా ఆగిందో చూశావా!” అన్నాడు నాతో. ఆయనకు ఆ రెక్క కొన కనబడలేదమ్మా. నీ ఉత్తరాలు కూడా నాచేతే చదివించుకుంటున్నాడు. అందరూ వెళ్లాక ఆయన చూపు సంగతి ఎత్తాను. “మీ అమ్మకు రాయకు. కళ్లద్దాలు దొరికితే అన్నీ సరిపోతాయి” అన్నాడు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

పదిహేనో తేదీన సంఘంవాళ్లు వస్తున్నారు. నాన్న మర నడిపి చూపిస్తే తాళాలు మళ్లీ ఆయనకిస్తారు. చూపు సంగతి తెలిస్తే ఈ ఇంట్లోకి ఇంకెవరో దిగుతారు. అందుకే నేనేనన్నాను. కానీ గాలి ఉద్ధృతంగా ఉన్న రోజు, తిరిగే రెక్క ఎంత దగ్గరలో ఉందో తెలియకుండా ఆయన నడిచి వెళితే? ఈ అబద్ధాన్ని నేనింక మోయలేను.

నాన్నను కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమను. తాళాలిచ్చే కాగితంలో ఆయన పేరు పక్కన నా పేరు కూడా రాయించమను. ఆడపిల్ల పేరా అని సంఘంవాళ్లు గొణుగుతారు, గొణగనీ. మర నడపడం నాకొచ్చని నీకు తెలుసు. నేను చెబితే నాన్న మేక దగ్గరికి వెళ్లి కూర్చుంటున్నాడు. నీ మాటైతే వింటాడు. నీ ఉత్తరం రాగానే చదవమని నాకే ఇస్తాడు. నువ్వు ఆయన్ని ఎంత తిట్టినా ఒక్క మాట మింగకుండా, గొంతెత్తి చదువుతాను. పన్నెండో తేదీలోపు అందేలా రాయి.

ఇట్లు,
ఊరందరి లెక్కలో కుడి ఎడమలు తెలియని నీ కూతురు,
హిల్లె