బాబా తుపాకీకి పసుపు కుంకుమ పెట్టిన విషయమై

కువైట్‌లోని భారత కార్మికుల సంక్షేమాధికారి గారి సముఖమునకు, అన్నమయ్య జిల్లా చిట్వేలి మండల వాస్తవ్యుడు, ప్రస్తుతం వఫ్రాలో తోటపని చేసుకొను పెంచలయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పసుపు, కుంకుమ, గంధము అనునవి ఆయుధమును చెడగొట్టు పదార్థములు కావనియు, వాటిని పూయుట మా ఆచారమనియు ధ్రువీకరిస్తూ అరబ్బీలో ఒక లేఖ ఇప్పించుట గురించి.

1. నేను పదకొండేళ్ళుగా ఒక కువైటీ పెద్దమనిషి తోటలో దోసకాయల షెడ్లు చూసుకుంటున్నాను. ఆయనే మా కఫీల్, అనగా మా వీసాలకు పూచీ ఉన్న యజమాని. మేము బాబా అంటాము. నా భార్య సిద్ధమ్మ ఫింటాస్‌లో ఆయన కూతురి ఇంట్లో పనిచేస్తున్నది. ఇద్దరి ఇఖామాలూ, అనగా ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డులు, బాబా పేరు మీదే ఉన్నవి. అందుచేత నేనొక్కడినే చేసిన పనికి ఇద్దరమూ ఒకే విమానం ఎక్కవలసిన పరిస్థితి ఏర్పడినది.

2. ప్రతి శుక్రవారం మంగఫ్‌లో మావాళ్ళ గదిలో నేను పురాణం చెబుతాను. ఏ గురువు దగ్గరా నేర్చినది కాదు. షెడ్డులో మొక్కలకు నీళ్ళు ఎక్కేలోగా చదువుకున్నది. గొంతు పెద్దది గనుక పాండిత్యం కూడా పెద్దదే అని జనం అనుకుంటారు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. సుదర్శనం, కౌమోదకి, శార్ఙ్గం అంటూ దేవుళ్ళ ఆయుధాలన్నీ ఊపిరి తీయకుండా చెప్పగలను. ఈ కీర్తి బాబా చెవిదాకా పోయి, పెంచల్‌కు ఆయుధాల సంగతి బాగా తెలుసునని ఆయన నమ్మడం జరిగినది. నేను కాదనకపోవడం కూడా జరిగినది.

3. బాబా వయసు డెబ్బై రెండు. తోటలో పంపు మోటార్లు దొంగలెత్తుకుపోయిన తర్వాత, ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు గల చిన్న తుపాకీ ఒకటి తెచ్చుకున్నారు. దానికి ఏమేమి బిగించాలో ఎంచడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో బొమ్మలు చూపించారు. "షూఫ్ పెంచల్, చూడు, ఏది బాగుంది?" అన్నారు. పోలీసు నడుముకు వేలాడేది తప్ప నేను తుపాకీ చూసినవాడను కాను. ఆ మాట చెబితే ఈ అర్జీ ఉండేది కాదు.

గురి చూసే సాధనాలు మూడు రకాలుగా ఉన్నవి. మొదటిది తుపాకీతో పాటే వచ్చినది: ముందొక ఇనుప మొన, వెనకొక గాడి. రెండింటినీ ఒక్క వరసలోకి తెచ్చుకోవాలి, బాబా కంటికి అది ఆనదు. రెండవది పైన బిగించే చొక్కా బొత్తామంత అద్దం. అందులోనుంచి చూసేవాడికి ఎర్రచుక్క కనబడుతుంది. మూడవది గొట్టం కింద బిగించే లేజరు. అది పచ్చటి చుక్కను ఎదుటివాడి ఒంటిమీదే పడవేస్తుంది. మా ఇంటి దైవం పెనుశిల నరసింహస్వామికి ఈ మూడూ లేవు, గోళ్ళతోనే పని ముగించాడు. కానీ ఆ బొమ్మల ముందు నాకు స్వామి గుర్తుకు రాలేదు. పైన అద్దం మూడో కన్ను అన్నాను, కింద లేజరు ముందు నడిచే అగ్నిదేవుడు అన్నాను. రెండూ తెప్పించాను. తోలు ఒరకూ పిడిమీది రబ్బరు తొడుగుకూ కూడా చెరొక కథ చెప్పాను.

అద్దంలో మొదటిసారి చూసి బాబా, "చుక్క లేదు పెంచల్, పువ్వు ఉంది" అన్నారు. అది విని కంట్లో శుక్లం ఉందేమోనని ఎవరికైనా తట్టాలి. నేను మాత్రం, "అది పద్మం బాబా, విష్ణుమూర్తి చేతిలో ఉండేది. శుభం" అని చెప్పాను.

4. దసరాకు ఏటా మేము పనిముట్లకు పూజ చేసుకుంటాము. ట్రాక్టరు, పంపు మోటారు, కొమ్మలు కత్తిరించే కత్తెర వరసగా పెట్టాను. బాబా ముచ్చటపడి, గుండ్లు తీసేసి, తుపాకీ కూడా తెచ్చి నా ముందు పెట్టారు. "దీనికీ చెయ్యి" అన్నారు. ఆయన నమాజుకు లేచి వెళ్ళారు. నేను పసుపు రాసి, కుంకుమ పెట్టి, అద్దాలకు గంధం పూసి, ఒరలో నిమ్మకాయ ఉంచాను.

5. మూడు రోజుల తర్వాత బాబా తన బావమరుదులను వెంటబెట్టుకుని గురి క్లబ్బుకు వెళ్ళారు. ఐదు గుండ్లలో ఒక్కటీ కాగితానికి తగలలేదు. బావమరుదులు నవ్వారు. ఒరలోంచి నిమ్మకాయ దొర్లిపడినప్పుడు ఇంకా ఎక్కువ నవ్వారట. పెద్ద కొడుకు మాత్రం నవ్వలేదు. పనివాడు ఏదో రసాయనం పూసి ఆయుధం పాడుచేశాడు, దీన్ని ఊరికే వదలను అన్నాడు. ఇది మీ ఆచారమే అని మీవాళ్ళ ఆఫీసు నుంచి ఆదివారంలోగా కాగితం తెస్తే సరి, లేకుంటే నువ్వూ నీ భార్యా ఖలాస్ అని నన్ను మంగఫ్ గదికి పంపించాడు.

6. ఇంతవరకు రాసి, సెలవురోజని నన్ను చూడవచ్చిన సిద్ధమ్మకు చదివి వినిపించాను.

"అద్దం సంగతి రాసినావా?" అనింది.

"గంధం పూసినానని రాసినా కదా మే."

"ఎంత మందాన పూసినావో, ఎందుకు పూసినావో రాసినావా?"

"అర్జీలో అన్నీ రాయరు."

"శుక్రారమొస్తే సత్యం సత్యం అని గోడలదిరేట్టు అరుస్తావు. గోడలకేనా అది చెప్పేది? నా ఇఖామా కూడా దానిమీదే ఉండాది గదా, నాకు చెప్పినంత మాత్రం వాళ్ళకూ రాయి."

గదిలో ఇరవైమందిని నోరెత్తనివ్వని నాకు ఈమె ఎదుట ఒక్క శ్లోకమైనా తోచదు. కనుక రాస్తున్నాను.

7. పూజకు నాలుగు రోజుల ముందు, తెల్లవారుతుండగా నేను నీటి కుళాయిలు తిప్పడానికి షెడ్ల వైపు వెళ్తున్నాను. నా బనియను మీద, గుండె దగ్గర, పచ్చటి చుక్క ఒకటి వచ్చి నిలబడింది. తుడిచాను, పోలేదు. తలెత్తితే వరండాలో బాబా, చేతిలో తుపాకీ. "ఎవరది?" అని అరిచారు. "నేనే బాబా, పెంచల్‌ను" అన్నాను. గోడలదిరే గొంతు నాకే వినబడలేదు. బాబా నవ్వి, "కుక్క అనుకున్నా" అన్నారు. అందులో గుండ్లు ఉన్నవా లేవా అని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఆయుధం పట్టినవాడి ధర్మం గురించి నేను గంటలకొద్దీ మాట్లాడాను. ఆయుధం ఎదుట నిలబడినవాడి సంగతి ఏ శుక్రవారమూ ఎత్తుకోలేదు. ఆ లేజరును ఎంచి తెప్పించినవాడిని నేనే గనుక ఎవరినీ తిట్టడానికి కూడా వీలులేదు.

పూజనాడు బాబా నమాజు నుంచి వచ్చేలోగా పై అద్దానికీ లేజరు కంటికీ వేలెడు మందాన గంధం మెత్తి, ఎండలో ఆరబెట్టాను. క్లబ్బులో ఐదు గుండ్లూ పేల్చేదాకా ఆ గంధం ఉన్నదని బాబా చూడనే లేదు. ఆయన కళ్ళ సంగతి తమరు దీనినిబట్టి గ్రహించగలరు. ఆయన చెడ్డవారు కారు. సిద్ధమ్మకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి బయట రోజంతా కూర్చున్నది ఆయనే. కళ్ళు ఆనడం లేదని ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం కొడుకులకూ లేదు, నాకూ లేదు.

8. కావున పై విషయంలో 'గంధము' అన్న మాట కొట్టివేసినట్లు భావించవలెను. పసుపు, కుంకుమ, నిమ్మకాయ ఆచారమని లేఖలో రాయించవలెను. గంధం మాత్రం భయమని రాయించవలెను. భయానికి అరబ్బీలో మర్యాదగల మాట ఏదైనా ఉంటే అది వాడవలెను. చివరగా, పెద్దాయనను కంటి డాక్టరుకు చూపించమని తమ వంటి అధికారి చెప్పినట్లుగా ఒక వాక్యం చేర్చవలెను. తమరు చెబితే సలహా అవుతుంది, నేను చెబితే పొగరు అవుతుంది.

ఈ దీనుడి మొర చిత్తగించి, వీలైతే నవ్వకుండా చిత్తగించి, ఆదివారం లోపల దయ చూపవలెను.

తమ విధేయుడు,
పెంచలయ్య

తా.క. కవరు అంటించబోతుండగా బాబా ఫోను చేశారు. కొడుకు ఇంకా పెద్ద అద్దం తెచ్చాడట. "ఇది బాగుంటుందా పెంచల్, నువ్వు చెప్పు" అన్నారు. ఇంత జరిగాక కూడా నన్నే అడిగారు. "అద్దం వద్దు బాబా. మీ కళ్ళు చూపించుకుందాం, నేను వెంట వస్తా. ఆ గంధం నేను కావాలనే పూశాను" అన్నాను. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉన్నది. అవతల బాబా ఊపిరి వినబడుతున్నది. సిద్ధమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నది. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. తమరు మాత్రం లేఖ తయారుచేసి ఉంచవలెను.