స్వాతి బుట్టకు నీళ్లు

ఆదివారం, రాత్రి

ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ దిగి అటునుంచి అటే బిడ్డ స్వాతిని చూడటానికి హాస్టల్‌కు వెళ్లాను. ఆరాంఘర్ దగ్గర బస్సు ఆగిపోయి, హాస్టల్ చేరేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి. గిరిజన పిల్లలు ఎలా ఉంటున్నారో అడిగి రాసుకునే మేడం ఒకామె వచ్చి ఉంది. నన్నూ స్వాతి పక్కనే కూర్చోబెట్టింది. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా బొమ్మలున్న అట్ట ముందు పెట్టింది.

"ఇక్కడ ఎట్లుందమ్మా?"

స్వాతి నా వైపు చూసి, నవ్వు మొహం మీద వేలు పెట్టింది.

"బాధైతే ఎవరికి చెప్తావు?"

"బాపుకు."

ఇంతవరకు నాకు ఏ బాధా చెప్పలేదు. నేనూ అడగలేదు.

మేడం వెళ్లాక, "తీజ్‌కు తండాకు తీస్కపోతవా బాపూ?" అంది. మా లంబాడీల తీజ్ పండుగలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోయాలి. వార్డెన్ రెండు రోజులకు మించి సెలవివ్వదు.

"చూద్దాం" అన్నాను.

"నీ చూద్దాం నాకెర్కలేదా! పోయినేడు గూడ గిట్లనే అన్నవ్. అప్పుడంటే నా బుట్టకు అక్క నీళ్లు పోసింది. అక్క పెండ్లయిపాయె. ఇగ ఎవలు పోస్తరు?"

నవ్వుతూనే అడిగింది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

వార్డెన్ గది తలుపు తెరిచే ఉంది. సెలవు అడగకుండానే బస్సెక్కేశాను.

రేపు మళ్లీ వెళ్లాలి. అన్ని రోజుల సెలవు ఎందుకని వార్డెన్ అడిగితే, బుట్ట ఎండిపోతుందని చెబుతాను. అది చాలుతుందా...