వారానికి మూడుసార్లు

చర్ల, 24-9-2006

బిడ్డా ప్రమీలా, నేనూ మీ నాయనా తిని తిరుగుతున్నాము, రంది పెట్టుకోకు.

నువ్వు కువైట్‌లో చూసుకునే ముసలమ్మకూ కిడ్నీలు పోయాయని, సర్కారు బండి వచ్చి వారానికి మూడుసార్లు రక్తం కడిగే మిషిన్ దగ్గరికి తీసుకుపోతుందని, పైసా అడగరని రాశావు. నా కడుపు మండింది. మీ తమ్ముడు వీరబాబుదీ అదే జబ్బు. ఇక్కడినుంచి ఖమ్మం దాకా పోతే వారానికి ఒక్కసారే దొరికేది. ఆఖరి వారం గోదావరి పొంగి రోడ్డెక్కితే బస్సు ఆగిపోయింది. "దూపైతాందే అమ్మా, గుక్కెడు నీళ్లు పొయ్యి" అని అడిగాడు. ఒళ్లు ఇంకా ఉబ్బుతుందని పొయ్యలేదు. మూడో రోజు పోయాడు. దినాల నాడు మీ మేనత్త "వాని రాత గట్లుంది వదినా" అన్నది. "రాత గాదు, మిషిన్ లేక సచ్చిండు. నా బిడ్డ ఉన్న దేశంల పుడితే బతుకుతుండె" అని అందరి ముందూ అరిచాను.

వాడి చొక్కాలు ఎవరికివ్వను? మీ నాయన ముట్టనియ్యడం లేదు. అక్కడ పనిమనిషికి రోగమొస్తే కూడా అట్లాగే చూస్తారా? కనుక్కుని రాయి.

ఆ ముసలమ్మను చూస్తే కోపమొస్తోంది, పని మానేస్తానన్నావు. వద్దు. ఆమె మనోడి వంతు గుంజుకోలేదు. ఒక్క రోజూ తప్పనియ్యకుండా బండి ఎక్కించు.

నువ్వు చల్లగా ఉండాలి.

మీ అమ్మ రామక్క