పాత కెర్నెల్ తుడిచేశాక

మార్చి 3, సోమవారం

డిస్క్ నిండిపోయిందని తెర మీద ఎర్రగా ఏడుపు. కోల్డ్ స్టోరేజీ లోపల అమ్మోనియా గ్యాస్ కారితే సైరన్ మోగించేది ఈ కంప్యూటర్ డబ్బానే. పెట్టింది నా బావమరిది. చూసుకోమన్నది నన్ను. నేను చదివింది తొమ్మిది, అదీ రెండుసార్లు.

ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాముని అడిగితే, డబ్బాని లేపి నడిపే కెర్నెల్ తాలూకు పాత సోర్సులు, అంటే రాతప్రతులు, కుప్పలుగా చూపించి, తీసెయ్యనా అంది. ఎస్ కొట్టాను. అది సోర్సులే తీస్తుంది. బూట్ ఫోల్డర్‌లో మిగిలిన పాత కెర్నెళ్ళని నేనే తుడిచేశాను. మా ఆవిడ ఇల్లు తుడిచినా ఇంత శుభ్రం ఉండదు.

ఆ హుషారులో, ఎప్పటిలాగే ఆటపట్టిద్దామని, కోల్డ్ స్టోరేజీ మేనేజర్ కుర్చీ చక్రం ఒకటి ఊడదీసి జేబులో వేసుకున్నాను.

మార్చి 4, మంగళవారం

గొప్ప చెప్పుకుందామని బావమరిదికి ఫోన్ చేశాను. బావా, ఇప్పుడు నడుస్తున్నది ఆ పాత కెర్నెలే, గ్యాస్ వాసన పట్టే కార్డుతో మాట్లాడటం దానికొక్కదానికే వచ్చు అన్నాడు. తుడిచేస్తే ఇంకా ఎలా నడుస్తోందిరా అన్నాను. మెమరీలో ఉంది, డిస్కులో లేదు, ఒక్కసారి ఆగిందంటే లేచేది కొత్తదే, దానికి ఆ కార్డు తెలీదు, సైరన్ మోగదు అన్నాడు.

మళ్ళీ దింపుకుందామంటే అంత పాత సోర్సు ప్యాకేజీ మేనేజర్ దగ్గరే లేదట. తన ఇంట్లో పాత డిస్కులో కాపీ ఉందట. ఆదివారం తెస్తాడట. అప్పటిదాకా ఆపకు బావా, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాడు. ఆ కాళ్ళతోనే డబ్బా దగ్గరికి పరుగెత్తాను.

లోపల బంగాళాదుంపలు ఏరేవాళ్ళలో మా ఆవిడ ఉంది.

మార్చి 5, బుధవారం

స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాను. ఊడ్చే మనిషి వస్తే గదిలో పాముందని తరిమేశాను. ఫ్యాన్ గొంతు మారితే చాలు, డబ్బాకి చెవి ఆనిస్తున్నాను.

మార్చి 6, గురువారం

కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెట్టి చచ్చింది. కరెంటు వచ్చాక డబ్బా లేచింది. తెర నిండా అక్షరాలు. కార్డు పేరు మాత్రం లేదు.

లోపలికి పరుగెత్తి, బయటికి రండి బయటికి రండి అని అరిచాను. ఈ పూట వేషం ఇదా అంది మా ఆవిడ. అందరూ ఒకటే నవ్వు. చెయ్యి పట్టి లాగితే దుంప పెట్టి కొట్టింది.

మేనేజర్‌కి ఉన్నదంతా చెప్పేశాను. ముందు కుర్చీ కింద చూసుకున్నాడు. నమ్మాక మాత్రం, లారీలు వచ్చేస్తున్నాయి, పని ఆపేది లేదు అన్నాడు. నీకు ముక్కుందిగా, ఆదివారం దాకా లోపల కూర్చుని వాసన చూడు, తేడా వస్తే కేకెయ్యి, అరవడం నీకేమన్నా కొత్తా అన్నాడు.

మార్చి 7, శుక్రవారం

స్వెట్టర్ మీద స్వెట్టర్. బస్తాల మధ్య కూర్చుని పీలుస్తున్నాను. మట్టి వాసన. గోనె వాసన. ఎవరిదో తలనూనె. ప్రతి వాసనా అదేనేమో అనిపిస్తోంది.

మా ఆవిడకు విడమర్చి చెప్పి ఇంటికి పొమ్మన్నాను. నీ ముక్కు మీద ఇంతమంది ప్రాణాలా, నీ ముక్కు మీద కోపం కూడా సరిగ్గా నిలవదే అంది. పోలేదు. తన శాలువా తీసి నాకు కప్పి, మళ్ళీ దుంపలు ఏరుకోవడానికి వెళ్ళింది.

మార్చి 8, శనివారం

జలుబు. కాఫీ పొడి డబ్బా ముక్కుకు ఆనించుకున్నా ఏమీ తెలియలేదు.

ఎవరూ లోపలికి పోకుండా కోల్డ్ రూమ్ తలుపుకి అడ్డంగా కూర్చుని రాస్తున్నాను. మేనేజర్ లే అంటున్నాడు. అందరూ నవ్వుతున్నారు. మా ఆవిడ వచ్చి నా పక్కన, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.